చేసింది చేసినట్టు

నా చిన్నప్పుడు చీనీకాయ రసంలో చీనీకాయ ఉండేది. కోస్తావాళ్లు బత్తాయి అంటారే, అదే. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఏ బండి దగ్గర అడిగినా సగం గ్లాసు ఐసు, మిగతా సగం నీళ్లూ చక్కెరా పోసి, చీనీకాయను దాని పైన ఒకసారి తిప్పి చూపిస్తున్నారు. మొన్న ఒక బండి ఆయన్ను, ఇందులో కాయ యాడుందప్పా అని అడిగాను. "బుట్టలో ఉండాది సార్" అన్నాడు. అబద్ధం చెప్పలేదు కాబట్టి దుడ్లిచ్చి వచ్చేశాను.

పక్కనే పులివెందుల చుట్టూ అన్నన్ని తోటలు పెట్టుకుని మనకీ గతేమిటని ఇంటికొచ్చి మా ఇంటామె దగ్గర విసుక్కున్నాను. "నీకు చక్కెర వద్దని చెప్పినారు కదా, నీళ్లే మంచివి" అంది. ఆమె నర్సుగా పనిచేసి రిటైరైంది. ఓదార్పు మొత్తం ఆసుపత్రిలోనే పంచిపెట్టి ఉత్త చేతులతో ఇంటికొచ్చిన మనిషి.

నిజం చెప్పాలంటే చీనీకాయ మీద నా కోపం రసంతో పుట్టింది కాదు. ఆ కాయను చూస్తే నాకొక మనిషి గుర్తొస్తాడు. ఆయన పోయి చాలా కాలమైంది. పోయినంత మాత్రాన మరిచిపోవాలని ఎక్కడా లేదు.

మా ఊరు జమ్మలమడుగుకూ ప్రొద్దుటూరుకూ నడుమ, పెన్న గట్టుకు కొంచెం ఎగువన ఉంటుంది. పెన్నలో నీళ్లుండేవని గొప్పలు చెప్పను, ఇసుక మాత్రం పుష్కలంగా ఉండేది. ఊరి చివర దొరలు కట్టించిన రాతి చర్చి, దాన్ని ఆనుకుని బడి, బడి వెనక బావి. మా ముత్తాతల కాలంలో మావాళ్లు ఆ దొరల దగ్గర బాప్తిస్మం తీసుకున్నారు. దాంతో మాకు నాలుగు అక్షరాలూ, ఎండాకాలంలో కూడా ఎండని ఆ బావీ, ఒక ఇత్తడి గంటా దక్కాయి.

గంట చర్చి పక్కన రాతి గదిలో ఉండేది. గదికి తాళం. ఆదివారం గబగబా మోగితే ఆరాధన అని అర్థం. మామూలు రోజున ఆగి ఆగి మోగిందంటే మా సంఘంలో ఎవరో పోయారని అర్థం. అది వినపడగానే చేలల్లో ఉన్నవాళ్లు కొడవళ్లు కింద పెట్టి, తలగుడ్డలు తీసి నిలబడేవాళ్లు. మా సంఘం కానివాళ్లు, ఊర్లోని సాయిబులు, రెడ్లు, అందరూ నిలబడేవాళ్లు. బతికినన్నాళ్లు ఎవరూ లేచి నిలబడని మనుషులకు ఆ ఒక్కసారి ఊరు ఊరంతా నిలబడేది. అందుకని మావాళ్లు సమాధి మీద రాయి లేకపోయినా సరిపెట్టుకునేవాళ్లు. గంట లేకుండా పోవడం మాత్రం ఎవరి ఊహలోనూ లేదు.

మా తాతయ్య ఆ బడిలో అయ్యవారు. ఊర్లో ఆయన చేత దెబ్బలు తినని మనిషి లేడు. ఆ హక్కుతోనే కాబోలు, మా సంఘంలో ఒక పద్ధతి నిలిచిపోయింది. ఎవరు పోయినా, పెట్టె గుంటలో దించే ముందు పాస్టరయ్య వాక్యం చెప్పాక, పోయినవాళ్ల గురించి మొదటి సాక్ష్యం మా తాతయ్యే చెప్పాలి. ఆయన అబద్ధమాడడు. అట్లాగని పెట్టె ముందర నిలబడి నిజమంతా చెప్పడమూ మర్యాద కాదు. ఆ రెంటికీ నడుమనున్న సన్నటి గట్టు మీద కాలు జారకుండా నడవడంలో ఆయన్ను మించినవాళ్లు లేరు. పగలంతా తాగి తిరిగే ఒకాయన పోతే, "ఈయన ఎంత తాగినా ఎవరి తలుపూ తట్టలేదు. దారిలోనే పండుకునేవాడు. దారి అందరిదీ" అన్నాడు. ఊరందరితోనూ పోట్లాడిన ఒకామె పోతే, "ఈమె ఎవరి గురించీ చాటున మాట్లాడలేదు. అంతా మొగం మీదనే" అన్నాడు. బంధువులు కళ్లు తుడుచుకుంటూ తలలూపేవాళ్లు. మా అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. అది ఏడుపు కాదని నాకు తెలుసు.

ఇక ఆ చీనీకాయల మనిషి. ఆయన మా సంఘ పెద్ద. చర్చి తాళాలూ, గంట గది తాళాలూ అన్నీ ఒకే గుత్తిగా ఆయన మొలతాడుకు వేలాడేవి. పులివెందులలో ఆయన అత్తగారిల్లు. అక్కణ్నుంచి చీనీ అంట్లు తెచ్చి, బడి వెనకున్న తన చేలో తోట పెట్టాడు. ఊరంతా ఆయన్ను చీనీతోటాయన అనేది ఇందుకే. మొక్కలు చిన్నవి, మా ఎండలు పెద్దవి. దాంతో ఆయన బడి బావికి ఆయిల్ ఇంజను బిగించి తోటకు నీళ్లు పారించుకున్నాడు. సంఘం అభివృద్ధి కోసమని చెప్పాడు. అభివృద్ధి ఏదప్పా అని అడిగినవాళ్లకు చిగుళ్లు చూపించేవాడు. ఆడవాళ్లు తెల్లారి బిందెలు తీసుకుని పోతే బావిలో బురద ఉండేది. తర్వాత ఆ బురద కూడా కనపడకుండా బావి చుట్టూ ముళ్లకంప వేయించి, దానికొక తలుపు పెట్టి, తలుపుకు తాళం వేశాడు. ఆడవాళ్లు పెన్నలోకి దిగి ఇసుకలో చెలమలు తవ్వుకుని, ఊరిన నీళ్లు చిప్పతో తోడుకుని బిందె నింపుకోవడం మొదలుపెట్టారు. చెలమ ఊరేదాకా ఆ ఇసుక మీద, ఆ ఎండలో కూర్చోవాలి.

ఒక ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరయ్య ఎప్పటిలాగే, ఎవరైనా చెప్పుకోవాల్సింది ఉందా అని అడిగాడు. ఎప్పటిలాగే ఎవరికీ ఉండకూడదు. ఆరోజు మా అవ్వ లేచి నిలబడింది.

"నాకుండాదయ్యా. బడి బావిలో నీళ్లు యాడికి పోతాండాయో చెప్పమను."

చీనీతోటాయన నవ్వాడు. "ఏందత్తా ఇది, దేవుని మందిరంలో నీళ్ల గొడవా?"

"దేవుని బావే కదప్పా అది. ఈడ కాకుంటే సంతలో అడగాల్నా? నీ చీనీ చెట్లకు దినామూ బాప్తిస్మం ఇస్తాండావు, సంతోషం. మనుషులకు రవంత గొంతు తడుపుకోనీ."

ముందు ఆడవాళ్ల వైపు నవ్వులు లేచాయి. మగవాళ్ల వైపు ఉన్నట్టుండి అందరికీ దగ్గు వచ్చింది. చీనీతోటాయన ముఖం మీద నవ్వు అట్లాగే ఉంది, కళ్లు మాత్రం అందులోంచి లేచి వెళ్లిపోయాయి. బావి తాళం ఆ రోజూ తీయలేదు, ఆ తర్వాతా తీయలేదు.

ఆ ఎండల్లోనే మా అవ్వ చెలమ దగ్గర బిందె ఎత్తుకుని గట్టెక్కుతూ ఇసుకలో కూలబడింది. మావాళ్లు మోసుకుని ఇంటికి తెచ్చేసరికి మాట లేదు. మధ్యాహ్నానికి మనిషి లేదు. ఎండదెబ్బ అన్నారు. ఎండకు పేరు పెట్టడం సులువు, అది తిరిగి కొట్టదు కదా.

గంట కొట్టించాలి, తాళంచెవి తెమ్మని తాతయ్య నన్ను చీనీతోటాయన ఇంటికి పంపాడు. ఆయన భార్య వాకిట్లోకి వచ్చింది. "ఆయన పులివెందులకు పోయినాడు నాయనా. తాళాలు ఆయన కాడనే ఉండాయి" అంది. ఆమె వెనక తలుపు మూలన మేకుకు తాళాల గుత్తి వేలాడుతోంది. నేను దాన్ని చూశాను. నేను చూడడం ఆమె చూసింది. అంతలో పులివెందులకు పోయిన మనిషి లోపలి గదిలో దగ్గాడు. ఆమె తల దించుకుని, "పో నాయనా" అంది, ఎవరికీ వినపడకుండా.

నేను వచ్చి మేకు సంగతీ దగ్గు సంగతీ తాతయ్యకు చెప్పాను. మా నాయన, చిన్నాయన గునపం తీసుకుని గంట గది తలుపు పగలగొడతామని లేచారు. తాతయ్య కదలకుండా అవ్వ తల దగ్గర కూర్చుని, "వద్దు. పగలగొట్టి కొడితే అది మన గంట అయితాది. ఆయప్ప కొట్టనిది ఊరికి వినపడనీ" అన్నాడు. నాకు ఆ మాట అర్థం కాలేదు. మా నాయనకు అర్థమై గునపం కింద పెట్టాడు.

గంట లేకుండానే మా అవ్వను ఎత్తుకుపోయాం. చేలల్లో ఉన్నవాళ్లు ఎవరూ నిలబడలేదు, వాళ్లకు తెలిస్తే కదా. పెట్టె దగ్గరికి వచ్చాక చూసి, "ఎవురప్పా పోయినారు?" అని అడిగారు. ప్రతి మలుపులోనూ ఎవరో ఒకరికి చెప్పుకుంటూ పోయాం. గుంట దగ్గర మొదటి సాక్ష్యం వంతు వచ్చినప్పుడు తాతయ్య ముందుకొచ్చి, నోరు తెరిచి, మళ్లీ మూసుకుని వెనక్కు పోయి నిలబడ్డాడు. మా సంఘంలో మొదటి సాక్ష్యం లేకుండా మట్టిలోకి పోయిన మనిషి మా అవ్వే.

తర్వాత మా ఇంటి ముందర ఆదరణ కూడిక పెట్టారు. పోయినవాళ్ల ఇంటివాళ్లను ఓదార్చడానికి సంఘమంతా కూడుతుందన్నమాట. దానికి చీనీతోటాయన తెల్లటి పంచె కట్టుకుని వచ్చాడు. అందరికంటే ముందు లేచి ఏడ్చాడు. "ఆమె నాకు కన్నతల్లి మాదిరి. నా కర్మ, ఆ దినం ఊర్లో లేకపోతిని. ఉండింటే నా చేతులతో గంట కొట్టేవాణ్ని" అన్నాడు. మా చిన్నాయన పళ్లు కొరికిన చప్పుడు నాకు వినపడింది.

తాతయ్య నిదానంగా లేచాడు. గొంతులో కోపం లేదు, బడిలో ఎక్కం చెప్పినట్టు చెప్పాడు.

"మా ఇంటామె గురించి శానా బాగా చెప్పినావప్పా. నేనూ నీకు చెప్పాల కదా. నీ దినం వచ్చినప్పుడు మొదటి సాక్ష్యం నాదే. నువ్వు చేసింది చేసినట్టు చెప్తా. ఒక్క మాట కలపను, ఒక్క మాట తీయను."

ఆ మాటలో ఎవరూ తప్పు పట్టడానికి లేదు, పైకి చూస్తే మర్యాదే. కానీ తాగుబోతుకు కూడా ఒక మంచి మాట వెతికిపెట్టిన మనిషి, నీకు మాత్రం వెతకను అంటున్నాడని అక్కడున్న అందరికీ తెలిసింది. చీనీతోటాయన నవ్వబోయి, "నాకంటే నువ్వే పెద్దోనివి మామా. ఎవరు ముందో దేవునికెరుక" అన్నాడు.

"ఆ సంగతి నాకిడిసిపెట్టు" అన్నాడు తాతయ్య.

ఆ మర్నాటి నుంచి మా తాతయ్య బతకడం మొదలుపెట్టాడు. బీడీలు మానేశాడు. పొద్దున కొర్రన్నం, పగలు రాగి సంగటి, సాయంత్రం మజ్జిగ. జమ్మలమడుగుకు పోయి డాక్టరుకు చూపించుకున్నాడు. ఏం బాధ అని డాక్టరు అడిగితే, "బాధేం లేదు సార్, ఈ బండి ఇంకా ఎంత దూరం పోతాదో చూసి చెప్పండి" అన్నాడట. రోజూ తెల్లారి కర్ర పట్టుకుని నడకకు పోయేవాడు. ఊర్లో ఎన్ని దారులున్నా ఆ నడక చీనీతోట ముందునుంచే సాగేది. ఆయన కనపడితే ఆగి, "ఏమప్పా, ఒంట్లో బాగుండాదా?" అని అడిగేవాడు. అంతే, ఇంకొక్క మాట లేదు. అది విన్న రోజు చీనీతోటాయనకు అన్నం సహించేది కాదని వాళ్లింట్లో పనిచేసే ఆమె చెప్పేది.

సాయంత్రం ఇంట్లో అందరం కూర్చుని ప్రార్థన చేసేవాళ్లం. క్షమించడం గురించిన మాట దగ్గరికి వచ్చేసరికి మా తాతయ్యకు దగ్గు వచ్చేది. ఆ మాట దాటిపోయాక తగ్గేది. బీడీలు మానేసిన మనిషికి దగ్గేమిటని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.

ముందు బావి చుట్టూ ఉన్న కంప మాయమైంది. తర్వాత ఇంజను పోయింది. చీనీతోటాయన తన చేలోనే సొంత బావి తవ్వించుకుని దానికి బిగించుకున్నాడు. ఒక సాయంత్రం మా అరుగు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"బడి బావి ఇడిసిపెట్టినా మామా. చూసినావా?"

"చూసినా."

"ఆడోళ్లందరూ తోడుకుంటాండారు."

"ఊఁ."

"అంతేనా?"

"మనసులో పెట్టుకున్నాలే అప్పా. యాడికీ పోదు."

ఆ 'ఊఁ' ఆయన్ను కుదురుగా ఉండనివ్వలేదు. వానకు కారే బడి కప్పుకు బండలు పరిపించాడు. వచ్చి చెప్పాడు. ఊఁ. కాన్పు కష్టమైన ఆడవాళ్లను జమ్మలమడుగు ఆసుపత్రికి తీసుకుపోవడానికి తన ఎద్దులబండి ఇచ్చాడు. ఊఁ. చెలమలకు పోయే దారిలో చింతచెట్లు నాటించాడు, దిక్కులేని ముసలివాళ్లకు పండక్కి బట్టలు పెట్టాడు. ఊఁ, ఊఁ. తోట కాపుకొచ్చిన ఏడాది మా ఇంటికి ఒక గంపెడు కాయలు పంపించాడు. తాతయ్య వాటిని బర్రెకు పెట్టించి, గంప తెచ్చిన మనిషితో, "బాగుండాయని చెప్పింది" అని కబురు పంపాడు.

సంఘంలో వాళ్లకు ఈ ఏర్పాటు చాలా తొందరగా అర్థమైంది. బడికి బెంచీలు కావాలన్నా, చర్చికి సున్నం కొట్టాలన్నా ముందు మా ఇంటికొచ్చి తాతయ్య ఆరోగ్యం విచారించేవాళ్లు. ఆయన గట్టిగా ఉన్నాడని చూసుకుని చీనీతోటాయన దగ్గరికి పోయేవాళ్లు. ఒకసారి తాతయ్య జ్వరమొచ్చి మంచాన పడ్డాడు. అన్నాళ్లూ చీనీతోటాయన ఎద్దులకు కూడా ఒంట్లో బాగాలేక, కాన్పులకు బండి కట్టలేదు. ఆ కబురు మంచం దగ్గరికి చేరింది. తాతయ్య లేచి కూర్చుని సంగటి అడిగాడు. మర్నాడు తోట ముందర కర్ర చప్పుడు వినపడగానే ఎద్దులు కూడా కోలుకున్నాయి.

ఒకరోజు నేను, ఆయన మంచోడైనాడు కదా తాతా, ఇంక ఇడిసిపెట్టొచ్చు కదా అని అడిగాను. "మంచోడు కాలేదు నాయనా, భయపడినాడు. దూరం నుంచి చూస్తే రెండూ ఒక మాదిరే ఉంటాయి" అన్నాడు.

నేను హైస్కూల్లో ఉండగా చీనీతోటాయన పోయాడు. తోటలో కాలవ మళ్లిస్తూ అక్కడే ఒరిగిపోయాడట. గంట చాలా సేపు, చాలా చక్కగా మోగింది. తాళంచెవి వెతుక్కునే పని రాలేదు. చేలల్లో అందరూ నిలబడ్డారు. కమలాపురం నుంచి, రాజుపాలెం నుంచి, పులివెందుల నుంచి జనం దిగారు. సగం మంది ఏడవడానికి వచ్చారు. మిగతా సగం ఎందుకు వచ్చారో నేను చెప్పక్కర్లేదు.

పాస్టరయ్య ముందుగానే మా ఇంటికొచ్చాడు. పోయినవాళ్ల గురించి కొంచెం చూసి మాట్లాడండి అయ్యవారూ అని నసిగాడు. "అబద్ధం చెప్పమంటావా అయ్యా?" అని తాతయ్య అడిగితే, అవునని అనలేక కాఫీ తాగి వెళ్లిపోయాడు. ఆయన వెనకే చీనీతోటాయన పెద్దకొడుకు వచ్చాడు. గడప బయటే నిలబడి, "తాతా, నీ చేతుల్లో చదువుకున్నోణ్ని. మా నాయన పెట్టె ముందర..." అని చేతులు జోడించాడు. తాతయ్య వాడి భుజం మీద చెయ్యేసి, "మీ నాయన చేసిన మంచి పనులే చెప్తా. చెడ్డది ఒక్కటీ నా నోటెంట రాదు. పో, పోయి పని చూసుకో" అన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. మేకుకు వేలాడిన తాళాల గుత్తి నేను చూశాను. ఆ దగ్గు నేను విన్నాను. ఇన్నేళ్లు సంగటి తిని, నడిచి, కాచుకున్నది మంచి మాటలు చెప్పడానికా? మా చిన్నాయనైతే భూస్థాపనకు రానన్నాడు. తాతయ్య కర్ర చూపించి తీసుకొచ్చాడు.

గుంట చుట్టూ జనం. పాస్టరయ్య వాక్యం ముగించి పక్కకు జరిగాడు. తాతయ్య పెట్టె ముందుకొచ్చి, రెండు చేతులూ కర్ర మీద ఆనించి నిలబడ్డాడు.

"ఈయన బడి బావి కంప తీయించి ఊరికి నీళ్లిచ్చినాడు" అన్నాడు. "మా ఇంటామె పోయినాక."

పెద్దకొడుకు కళ్లు తుడుచుకుంటూ తలూపాడు.

"బడి కప్పుకు బండలు ఏయించినాడు. మా ఇంటామె పోయినాక.

"కాన్పులకు బండి కట్టించినాడు. మా ఇంటామె పోయినాక."

పెద్దకొడుకు తలూపడం ఆపేశాడు. తాతయ్య తొందరపడలేదు. చింతచెట్లు, బెంచీలు, ముసలోళ్ల బట్టలు, చర్చి సున్నం, ఏదీ వదల్లేదు, ఏదీ తగ్గించలేదు. ఒక్కొక్కటీ తీసి పెట్టె మీద పూలు పేర్చినట్టు పేర్చాడు. ప్రతిదాని చివరా అదే మాట, అదే గొంతు. మా ఇంటామె పోయినాక.

"అంతకు ముందు ఈయన చేసినవి కూడా చెప్పాలని శానా ఆలోచించినా" అన్నాడు చివరన. "ఒక్కటీ గుర్తుకు రాలేదు. ముసలితనం." కర్ర ఎత్తుకుని వెనక్కు వచ్చేశాడు.

అక్కడ ఒక పద్ధతి ఉంది, సాక్ష్యం అయ్యాక అందరూ ఆమెన్ అనాలి. ఎవరికీ నోరు పెగల్లేదు. మొదట ఆమెన్ అన్నది చీనీతోటాయన భార్య. స్పష్టంగా, తల ఎత్తి అంది. అప్పుడు ఆడవాళ్ల వైపు నుంచి ఏడుపు లేచింది. పెట్టెలో ఉన్న మనిషి కోసం కాదని అందరికీ తెలుసు. గంట లేకుండా పోయిన మా అవ్వకు ఆరోజు, పరాయి పెట్టె ముందర, ఊరంతా నిలబడి ఏడ్చింది. మా చిన్నాయన గుంట గట్టున కూర్చుని చిన్నపిల్లాడిలా వెక్కాడు.

చీనీతోటాయన కొడుకులు తర్వాత బావి గట్టు మీద ఆయన పేరు చెక్కిన నల్ల బండ పెట్టించారు. బండ బాగుంది. ఊరు మాత్రం దాన్ని మా అవ్వ బావి అంటుంది. బడి కప్పు గురించి అడిగితే, అయ్యవారి భార్య పోయినాక వేసిన కప్పు అంటారు. ఖర్చు ఆయనది, పేరు మా అవ్వది. ఆయన చేసిన ప్రతి మంచి పనినీ మా తాతయ్య మా అవ్వ పేరుకు మార్చేశాడు, ఒక్క అబద్ధం చెప్పకుండా, ఒక్క దెబ్బ వేయకుండా. ఆ సాయంత్రం ఇంటికొచ్చి బీడీ ఉందా అని అడిగాడు. మళ్లీ ఏడాది తిరక్కుండానే పోయాడు. ఆయనకు మొదటి సాక్ష్యం చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. పాస్టరయ్యే చెప్పాడు. బాగానే చెప్పాడు, ఏం చెప్పాడో ఎవరికీ గుర్తులేదు.

ఆరోజు గుంట పక్కన నేను నేర్చుకున్నది ఇప్పటికీ నాతోనే ఉంది. మనం పోయాక మన గురించి మొదట నోరు తెరిచేది మనల్ని ప్రేమించినవాళ్లని అనుకుంటాం. కాదు, మనం నొప్పించిన మనిషి తెరుస్తాడు, వాడికి జ్ఞాపకశక్తి కూడా ఎక్కువ. ఆ మనిషి ఎదురుగా ఉన్నాడనుకుని బతికితే చాలా తప్పులు తగ్గుతాయి. ఇది మొదటి సగం. రెండో సగం నాకు ఇంకా ఇష్టం. నొప్పి పడినవాడు మరిచిపోకూడదు. మరిచిపోతే అవతలివాడికి మంచి పనులు చేయాల్సిన అవసరమే ఉండదు. పగ కూడా ఒక రకంగా సంఘసేవే, జీతం లేకుండా చేస్తాం.

నాకూ ఒకాయన ఉన్నాడు. ప్రొద్దుటూరు కాలేజీలో నేను పాఠాలు చెప్పే రోజుల్లో ఆయన మా ప్రిన్సిపాలు. మా ఇంటామెకు పెద్ద ఆపరేషను ఉన్న రోజున సెలవడిగితే, "కోసేది డాక్టరు కదా, నువ్వెందుకప్పా ఆడ?" అన్నాడు. మాటలో తర్కముంది. అందుకే ఇన్నేళ్లు మరిచిపోలేదు. ఆమెను మత్తులో లోపలికి తీసుకుపోయే వేళకు నేను బోర్డు ముందర నిలబడి ఉన్నాను. ఏం పాఠం చెప్పానో నాకూ తెలియదు, విన్నవాళ్లకూ తెలియదు.

ఆయన రిటైరైన రోజు సభలో నేను లేచి, సార్ గురించి ఇప్పుడు ఎక్కువ చెప్పను, చెప్పాల్సిన రోజున అన్నీ చెప్తాను అన్నాను. ఆయన దాన్ని మెప్పు అనుకుని చప్పట్లు కొట్టాడు. ఇప్పుడు రోజూ పొద్దున ఇద్దరం ఒకే మైదానంలో నడుస్తాం. ఎదురుపడితే, "ఎట్లుండావప్పా?" అంటాడు. "బాగుండా సార్, మీరెట్లుండారు?" అంటాను. ఇద్దరం నవ్వుకుని ఒకరి కాళ్లు ఒకరం చూసుకుంటాం. ఆయనకు మోకాళ్ల నొప్పులు. నాకు ఇంకా రాలేదు. చక్కెర మానేశాను, రాత్రికి కొర్రలు తింటున్నాను. మాట్లాడాల్సింది అంతా మనసులో సిద్ధంగా ఉంది, ఒక్క చెడ్డ మాట కూడా లేకుండా.

ఇదంతా రాసి మా ఇంటామెకు చదివి వినిపించాను. ఆమె చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ మొత్తం వింది. మధ్యలో ఎక్కడా ఆపలేదు. తాతయ్య సాక్ష్యం దగ్గర ఆమె చేతులు కాసేపు ఆగాయి. చదవడం అయ్యాక నేను కళ్లద్దాలు తీసి, ఎట్లుంది అన్నట్టు చూశాను. ఆమె చేట పక్కన పెట్టింది.

"బావి ఇడిసింది ఆయప్ప. బండలు ఏయించింది ఆయప్ప. కాన్పులకు బండి కట్టింది ఆయప్ప. మీ తాత ఏం చేసినాడు? ఎప్పుడు సస్తాడా అని కాచుకోని కూచున్నాడు. ఆపరేషను అయింది నాకు, నేనెప్పుడో మరిచిపోతి. నువ్వింకా కాచుకోని కూచున్నావు."